కంచె చేను మేసినప్పుడు: ‘ది బిగ్ హీట్’ చిత్రము – దాని చారిత్రక నేపథ్యము

కంచె చేను మేసినచో కాపు ఎవరితో మొరపెట్టుకొనవలెను? తెలుగు పల్లెలలో తరతరాలుగా వినవచ్చు ఈ ప్రశ్నను ఇరువదవ శతాబ్దపు నడిమి కాలమున అమెరికా దేశము తనకు తానే వేసికొనవలసి వచ్చినది. యుద్ధమున విజయము, ఇంటింట మోటారు బండి, కర్మాగారములనిండ పని - ఇన్ని ఉన్నను ఆ దేశపు మహానగరములలో జూదగృహముల యజమానులకును పోలీసు ఠాణాలకును నడుమ డబ్బు నిశ్శబ్దముగా చేతులు మారుచుండెడిది. ఈ చీకటి వ్యవహారమును ఒక గంటన్నర నిడివిలో కండ్లకు కట్టిన చలనచిత్రము ‘ది బిగ్ హీట్’. 1953లో కొలంబియా సంస్థ దీనిని విడుదల చేసినది. దర్శకుడు ఫ్రిట్జ్ లాంగ్. నేరగాండ్ర వాడుకలో ‘హీట్’ అనగా పోలీసుల తాకిడి. వారందరు భయపడు మహా తాకిడి ఎట్లు వచ్చినది, ఎవరివలన వచ్చినది, దానికి ఎవరు మూల్యము చెల్లించినారు అనునదే కథ.

ఈ చిత్రమును అర్థము చేసికొనుటకు ముందు అది పుట్టిన కాలమును కొంత తెలిసికొనవలెను. 1950 మే నెలలో అమెరికా సెనేటు వ్యవస్థీకృత నేరములపై విచారణకు ఒక ప్రత్యేక సంఘమును నియమించినది. టెనెస్సీ రాష్ట్రపు సెనేటరు ఎస్టెస్ కెఫావర్ దానికి అధ్యక్షుడు. ఆ సంఘము 14 నగరములలో విచారణ జరిపి 600లకు పైగా సాక్షులను ప్రశ్నించినది. 1951 మార్చిలో న్యూయార్కున జరిగిన విచారణ టెలివిజనులో ప్రసారమైనది. సుమారు 3 కోట్లమంది దానిని చూచినారని అంచనా. ఫ్రాంక్ కాస్టెలో అను పేరుమోసిన జూదపు నాయకుడు తన ముఖము చూపరాదని పట్టుబట్టగా, కెమెరా అతని చేతులను మాత్రమే చూపినది. ప్రశ్న వచ్చినప్పుడెల్ల నలుగుచు, మెలికలు తిరుగుచు, కాగితపు ముక్కలను చింపుచుండిన ఆ చేతులు నోరు చెప్పని సంగతులను ప్రజలకు చెప్పినవి. న్యూయార్కు నగరమునకు 1946 మొదలు 1950 వరకు మేయరుగా ఉండిన విలియం ఓడ్వయర్ సైతము ఆ సంఘము ఎదుట కూర్చుండి సమాధానములు చెప్పుకొనవలసి వచ్చినది.

అంతకు పూర్వమే, 1950లో, బ్రూక్లిన్ ప్రాంతపు హారీ గ్రాస్ అను పందెముల వ్యాపారి పట్టుబడినాడు. అతడు పోలీసులకు ఏటా సుమారు 10 లక్షల డాలర్లు ముట్టజెప్పుచుండెనని బయటపడినది. ఆ కలకలములోనే నగర పోలీసు కమిషనరు రాజీనామా ఇచ్చినాడు. ఫిలడెల్ఫియా నగరపు చరిత్ర ఇంకను విచిత్రమైనది. అచట 1948లో పన్నుల శాఖకు చెందిన ఒక ఉద్యోగి ఆత్మహత్య చేసికొనుచు వదలిన లేఖవలన నగరపాలనలోని అపహరణలు వెలికి వచ్చినవి. విచారణలు ఒకదానివెంట ఒకటి సాగి, 1951 ఎన్నికలలో అరువదియేడు సంవత్సరముల ఏకపక్ష పాలన కూలిపోయినది. జోసెఫ్ క్లార్క్ మేయరుగను, రిచర్డ్‌సన్ డిల్వర్త్ ప్రభుత్వ ప్రాసిక్యూటరుగను ఎన్నికైనారు.

విలియం మెక్‌గివర్న్ ఆ ఫిలడెల్ఫియాలోనే పోలీసు వార్తలు సేకరించిన పత్రికా విలేఖరి. అతడు వ్రాసిన ‘ది బిగ్ హీట్’ నవల ‘సాటర్‌డే ఈవెనింగ్ పోస్ట్’ పత్రికలో ధారావాహికగా వెలువడి, పిదప పుస్తకరూపము తాల్చినది. దానిని చిత్రకథగా మలచిన సిడ్నీ బోమ్ కూడ పూర్వాశ్రమమున విలేఖరియే. నవలలో నగరము ఫిలడెల్ఫియా. చిత్రములో అది కెన్‌పోర్ట్ అను కల్పిత నగరమైనది. పేరు కల్పితమే గాని రోగము కల్పితము కాదు.

చిత్రము ఒక బల్లతో ఆరంభమగును. బల్లపై ఒక రివాల్వరు. ఒక చేయి దానిని అందుకొనును, ప్రేలుడు వినబడును, ఒక మనిషి బల్లపై వాలిపోవును. అతడు టామ్ డంకన్, పోలీసు రికార్డుల విభాగమునకు అధికారి. మేడమెట్లు దిగివచ్చిన భార్య బెర్తా కేక వేయదు, కంటతడి పెట్టదు. భర్త ప్రాసిక్యూటరు పేర వ్రాసియుంచిన కవరు తెరచి చదువును. ఆమె టెలిఫోను చేయునది పోలీసులకు కాదు. నగరమును తన గుప్పిట నుంచుకొన్న మైక్ లగానా అను నాయకునికి. మాటలు తక్కువగా, పని చురుకుగా సాగు ఈ కొద్ది నిమిషములలోనే ఆ నగరపు రాజ్యాంగమంతయు ప్రేక్షకునికి తెలిసిపోవును. చట్టము కాగితముపై ఒకరి పేర ఉన్నది. అధికారము టెలిఫోను అవతలి కొసన మరియొకరి చేత ఉన్నది.

డంకన్ చేసిన కొలువు గమనింపదగినది. అతడు తుపాకి పట్టి వీధులు తిరిగినవాడు కాడు, దస్తరములు భద్రపరచినవాడు. లంచపు లోకమున ఏ చేయి ఏ చేతికి ఎంత ఇచ్చినదో ఎరిగినవాడు అతడే. అతని లేఖయే కథకు ఇరుసు. బెర్తా దానిని బ్యాంకు పెట్టెలో దాచి, తనకు ప్రాణహాని కలిగినచో అది బయటపడునట్లు ఏర్పాటు చేసికొని, లగానానుండి సొమ్ము పిండుకొనును. సత్యము ఒక కాగితముగా ఉన్నది. కాని అది తాళము వెనుక ఉన్నంతకాలము లంచగొండులకే ఆదాయపు చెట్టు. కార్యాలయ జీవితము తెలిసినవారికి ఇందలి వ్యంగ్యమును విడమరచి చెప్పనక్కరలేదు. అణచివేయబడిన దస్తరము నశించిన దస్తరముకంటె ప్రమాదకరమైనది.

ఈ మరణమును విచారించుటకు వచ్చిన డిటెక్టివ్ సార్జెంటు డేవ్ బానియన్. ఆ పాత్రను గ్లెన్ ఫోర్డ్ ధరించినాడు. బానియన్ మామూలు గృహస్థు. చిన్న ఇల్లు, చలాకీ భార్య కేటీ, ఒక కుమార్తె. రాత్రి భోజనమువేళ దంపతులు ఒకే పళ్లెములోని మాంసపు తునకను పంచుకొందురు. డంకన్ అనారోగ్యము కారణముగా ఆత్మహత్య చేసికొనెనని బెర్తా చెప్పగా, అతని ప్రేయసి లూసీ చాప్‌మన్ ఆ మాట అబద్ధమని బానియన్‌కు తెలుపును. అతడు నిజానిజములు తేల్చుకొనుటకు తిరిగి బెర్తాయొద్దకే పోయి ప్రశ్నించును. ఆ తరువాత లూసీ శవము నగరము వెలుపలి బాటప్రక్కన దొరకును. దేహముపై సిగరెట్టుతో కాల్చిన గుర్తులు. పై అధికారి విల్క్స్ బానియన్‌ను పిలిచి ఈ విషయము వదలివేయుమని చెప్పును. బానియన్ వదలడు. ఇంటికి బెదిరింపు ఫోను రాగా, కోపముతో లగానా భవనమునకే పోయి, కుమార్తెకొరకు అతడు చేయుచున్న వేడుక నడుమ, తల్లి చిత్రపటము వ్రేలాడు గదిలో అతనిని నిలదీయును. దాని ఫలితము బానియన్ ఇంటిముందే అనుభవమునకు వచ్చును. అతనికొరకు మోటారు బండిలో అమర్చిన బాంబునకు భార్య కేటీ బలియగును.

ఇక్కడినుండి కథ రెండు దారులలో సాగును. ఒకటి పరిశోధన, రెండవది పగ. పోలీసు కమిషనరు హిగ్గిన్స్ లగానా మనిషియని బానియన్ ముఖము మీదనే అనగా, బిల్ల అప్పగింపవలసినదని ఆజ్ఞ అయినది. అతడు బిల్లను బల్లపై పడవేయును. తుపాకి మాత్రము తన సొంత డబ్బుతో కొన్నదని చెప్పి దగ్గర ఉంచుకొనును. కేటీ లేని ఇల్లు ఖాళీ చేయుచు అతడు ఆ బోసి గోడలను చూచు దృశ్యమున ఒక మనిషి లోపల ఏమి మిగిలినదో తెలియును. ద్వేషము తప్ప వేరేమియు మిగులలేదు. చట్టపు గురుతును విడిచి ఆయుధమును ఉంచుకొనిన మనిషి ధర్మమునకు ఎంత దూరము పోవును అనుటయే తరువాతి భాగపు ప్రశ్న.

ఆ ప్రశ్నకు సమాధానము ముఖ్యముగా డెబీ మార్ష్ అను స్త్రీ పాత్ర ద్వారా వచ్చును. ఆమె లగానా కుడిభుజమైన విన్స్ స్టోన్ చేరదీసిన సొగసుకత్తె. గ్లోరియా గ్రాహమ్ ఈ పాత్రకు జీవము పోసినది. వేరొక చిత్రమునకుగాను ఆ సంవత్సరమే ఆమెకు సహాయనటిగా ఆస్కార్ బహుమానము లభించియుండెను. స్టోన్ పాత్రను లీ మార్విన్ ధరించినాడు. డెబీకి అద్దములో తన ముఖము చూచుకొనుట, ఖరీదైన కోటు తొడుగుకొనుట, సందు దొరికినప్పుడు తన యజమానులను ఎగతాళి చేయుట ఇష్టము. ఆమె బానియన్ బసకు పోయి వచ్చినదని తెలిసి, స్టోన్ మరుగుచున్న కాఫీని ఆమె ముఖముపై విసరును. ఆ వేళ ప్రక్కగదిలో పేకాడుచున్నవారిలో సాక్షాత్తు పోలీసు కమిషనరు ఉన్నాడు. అతడు నేరస్థుని పట్టుకొనడు. ఆ స్త్రీని వైద్యునియొద్దకు తీసికొనిపోవుమన్న స్టోన్ మాటను పాటించును. లంచగొండితనము ఎంతవరకు దిగజారునో చెప్పుటకు ఇంతకంటె వేరు సాక్ష్యము అక్కరలేదు.

ఇంతటి క్రౌర్యము కథలో ఉన్నను తెరపై దానిలో ఎంతో భాగము కనబడదు. మరుగు కాఫీ పాత్రను మనము చూతుము. స్టోన్ చేయి దానిని అందుకొనుట చూతుము. పిదప డెబీ కేక మాత్రమే వినబడును. బాంబు ప్రేలునప్పుడు కెమెరా ఇంటిలో బిడ్డకు కథ చెప్పుచున్న తండ్రియొద్ద ఉండును. కిటికీనుండి వెలుగు ఒక్కమారు మెరయును. లూసీ పడిన బాధ నోటిమాటగా తెలియును. చూపకుండ చెప్పుట లాంగ్ విద్యలో భాగము. వియన్నాలో 1890లో జన్మించి, బెర్లినులో పేరు గడించి, 1927లో ‘మెట్రోపాలిస్’, 1931లో ‘ఎమ్’ చిత్రములు తీసినవాడతడు. 1933లో అతని ‘డాక్టర్ మబూస్ మరణశాసనము’ను నాజీ ప్రభుత్వము నిషేధించినది, ఆ సంవత్సరమే అతడు జర్మనీ విడిచినాడు. అమెరికాలో మొదటి చిత్రము ‘ఫ్యూరీ’ (1936) కూడ పగనుగూర్చినదే. ఒక మూక చేతిలో చచ్చినట్లే అందరు భావించిన నిరపరాధి, దాగియుండి తన హంతకులకు ఉరిశిక్ష పడవలెనని కోరుటయే దాని కథ. పగ తీర్చుకొనువాడు తన శత్రువును పోలునను భావము లాంగ్‌ను ఆజీవితము వెంటాడినది. ఈ దర్శకుడే 1950ల చివర మన దేశమునకు వచ్చి, ఉదయపురమున రెండు జర్మను చిత్రములకు దృశ్యములు తీసికొనిపోయినాడు. అవి 1959లో విడుదలైనవి.

ఈ తరహా చిత్రములకు ‘ఫిల్మ్ న్వార్’, అనగా నల్లని చిత్రములు, అను పేరు అమెరికావారు పెట్టినది కాదు. యుద్ధకాలమున ఫ్రాన్సు చేరని అమెరికా చిత్రములు 1946లో ఒక్కపెట్టున పారిసు తెరలపై ప్రదర్శితములైనప్పుడు, వాటిలోని చీకటి చూపును గుర్తించి నీనో ఫ్రాంక్ మొదలగు విమర్శకులు ఆ పేరును వాడినారు. 1955లో రేమండ్ బోర్డ్, ఎటియెన్ షోమెటన్ అను ఇరువురు ఫ్రెంచివారు వీటిపై ఒక గ్రంథమే వ్రాసినారు. తొలి చిత్రములలో వేతనమునకు పనిచేయు ప్రైవేటు డిటెక్టివు నాయకుడు. 1950లనాటికి కెఫావర్ విచారణల పిమ్మట నాయకుడు పోలీసు శాఖలోనివాడైనాడు; చీకటి సందులనుండి ప్రభుత్వ కార్యాలయములకు పాకినది. లగానా నివసించునది మురికివాడలో కాదు, పూలతోటల భవనములో. మన బొంబాయిలోనూ అదే దశాబ్దమున ‘బాజీ’ (1951), ‘సి.ఐ.డి.’ (1956) చిత్రములు ఈ నీలినీడల శైలిని అందిపుచ్చుకొన్నవి. వాటిలోను దుర్మార్గుడు పెద్దమనిషి ముసుగు తొడిగినవాడే. కాని పోలీసు శాఖనే అనుమానించు సాహసమునకు అవి పూనుకొనలేదు.

అమెరికా చిత్రములకును హద్దులు లేకపోలేదు. 1930లో రూపొంది 1934 మొదలు కచ్చితముగా అమలైన నిర్మాణ నియమావళి, ఆధునిక కాలపు కథలలో పగను సమర్థింపరాదని శాసించినది. చట్టముపట్ల గౌరవము తగ్గింపరాదనియు అందు కలదు. ఆ నియమావళి 1968 వరకు నిలిచినది. కావున బానియన్ తన భార్యను చంపినవారిని తన చేతులతో చంపుటకు వీలులేదు. అతడు బాంబు పెట్టిన లారీ అనువాని గొంతు పట్టి నులిమి, నిజము చెప్పించి, వదలివేయును. వానిని వాని యజమానులే మట్టుపెట్టుదురు. బెర్తా గొంతుకపై కూడ అతని చేతులు పడును. ఆమె పిలిపించిన పోలీసులు వచ్చుటచే అది ఆగును. ఆ సంగతి అతడు డెబీతో చెప్పగా, ఆమెను చంపియుండినచో నీకును స్టోన్‌కును పెద్ద భేదము ఉండెడిది కాదని ఆమె అనును. సగము ముఖము కట్టుతో కప్పుకొన్న ఆ స్త్రీ నోట చిత్రపు నీతిసారము పలుకును.

అయితే సంగతి అంతటితో తీరలేదు. బెర్తా బ్రదికియున్నంతకాలము లేఖ బయటకు రాదని డెబీకి తెలిసినది బానియన్ మాటలవలననే. ఆమె చేతిలోని తుపాకియు అతడు ఇచ్చినదే. డెబీ పోయి బెర్తాను కాల్చును. ఇద్దరి ఒంటిపై ఒకే రకపు ఖరీదైన కోటులు; ఇద్దరును ఒకే సొమ్ముతో కొనబడినవారు. పిదప ఆమె స్టోన్ ముఖముపై మరుగు కాఫీ విసరి బాకీ తీర్చుకొని, వాని గుండుకు నేలకూలును. బానియన్ స్టోన్‌ను పట్టుకొనును గాని కాల్చడు. నియమావళి నిలిచినది, నాయకుని చేతులు శుభ్రముగా ఉన్నవి. కాని ఆ శుభ్రత ఎవరి ప్రాణములతో కొనబడినది? లూసీ, కేటీ, బెర్తా, డెబీ - నలుగురు స్త్రీలు మరణించినారు. ఇందు కేటీ తప్ప తక్కిన ముగ్గురి చావునకు ముందు బానియన్ నోటివెంట ఒక ప్రశ్నయో ఒక సమాచారమో వెడలియున్నది. కేటీ చావునకు ముందు అతని ఆగ్రహము వెడలియున్నది. అతడు నీతిమంతుడే. కాని నీతిమంతుని తొందరపాటునకు ఇతరులు మూల్యము చెల్లింతురను చేదు నిజమును చిత్రము దాచలేదు. తన భార్యనుగూర్చి డెబీ అడిగినప్పుడు మాట దాటవేసిన బానియన్, ఆమె కన్నుమూయు వేళ కేటీ అలవాట్లను, చిన్ని కోపములను మెల్లగా చెప్పును. అప్పటికిగాని అతనిలోని మనిషి తిరిగి రాలేదు.

ఈ చిత్రములో అందరు మరచిపోవు మరియొక స్త్రీ కలదు. పాత మోటారు బండ్లను విడగొట్టు ఒక దొడ్డిలో పనిచేయు గుమస్తా. చేతికర్ర ఊతము లేనిదే నడువలేదు. బానియన్ అడిగినప్పుడు ఆమె యజమాని భయముచే నోరు మెదపడు. ఆమె మాత్రము కంచెయొద్దకు నడచివచ్చి తనకు తెలిసిన పేరు చెప్పును. లారీ తలుపు తట్టి, అతడే ఆ మనిషియని గుర్తుపట్టి చెప్పుటకును వెనుదీయదు. ఆమెకు తుపాకి లేదు, బిల్ల లేదు, పగయు లేదు. అటులే బానియన్ కుమార్తెకు కావలియున్న పోలీసులను పై ఆజ్ఞచే తొలగించినప్పుడు, బావమరది పిలువగా వచ్చి మెట్లపై కాపుగాసినవారు సైన్యమున పనిచేసిన మామూలు పౌరులు. అంతవరకు ఉద్యోగము నిలుపుకొనుటయే ముఖ్యమని తలవంచిన విల్క్స్ కూడ ఆ రాత్రి అచటికి వచ్చి నిలుచును. భయమువలన లంచపు రాజ్యము నిలిచినది. ఒక్కొక్కరు భయము విడిచినకొలది అది సడలినది. లగానా సామ్రాజ్యమును కూల్చినది పగ ఒక్కటియే అనుకొనుట సగము సత్యము మాత్రమే.

చివరకు డంకన్ లేఖ పత్రికలకెక్కును. లగానాపై, కమిషనరుపై నేరారోపణలు వచ్చును. బానియన్ తన బల్లయొద్దకు మరలును. వెంటనే ఏదో వీధిలో ఒక బండి మనిషిని గ్రుద్ది పోయెనని కబురు. అతడు కాఫీ వేడిగా ఉంచుమని సహోద్యోగికి చెప్పి టోపీ అందుకొనును. ఇంత జరిగిన పిదప కాఫీ అను మాట వినిన ప్రేక్షకునికి ఒళ్లు జలదరించును. విజయోత్సవము లేదు, పూలదండ లేదు; పని మాత్రమే ఉన్నది.

చరిత్రయు అట్లే సాగినది. న్యూయార్కున 1894లోనే లెక్సో సంఘము పోలీసుల లంచములను విచారించినది. 1950లో గ్రాస్ వ్యవహారము. 1970–72 మధ్య నాప్ కమిషన్, ఫ్రాంక్ సెర్పికో అను నిజాయితీపరుడైన పోలీసు సాక్ష్యము. మన దేశమున యుద్ధకాలపు కాంట్రాక్టుల లంచములను విచారించుటకు 1941లో ఏర్పడిన ప్రత్యేక పోలీసు విభాగమునుండి 1963లో కేంద్ర పరిశోధక సంస్థ అవతరించినది, కె. సంతానం అధ్యక్షతన 1962లో ఏర్పడిన సంఘపు సిఫారసుపై 1964లో కేంద్ర విజిలెన్సు కమిషను నెలకొన్నది. దేశము ఏదైనను క్రమము ఒక్కటియే: మురికి చేరును, ఎవరో ఒకరు నోరు విప్పుదురు, విచారణ జరుగును, కొంతకాలము గాలి శుభ్రపడును, మరల మురికి చేరును. కావున ఏ విచారణయు కడపటిది కాదు.

‘ది బిగ్ హీట్’ చిత్రమును అమెరికా ప్రభుత్వ గ్రంథాలయము 2011లో జాతీయ చిత్రభాండాగారమున భద్రపరుపదగినదిగా ఎన్నుకొన్నది. ఒక దేశము తన పోలీసు శాఖకు మచ్చ తెచ్చు కథను తన జాతీయ సంపదలో చేర్చుకొనుట చిన్న విషయము కాదు. డంకన్ నిజమును వ్రాసినాడు. కాని బ్రదికియుండగా చెప్పుటకు ధైర్యము చాలక, చచ్చిన పిదప చెప్పదలచినాడు. ఆ ఆలస్యమునకు నాలుగు నిండు ప్రాణములు పోయినవి. కర్ర ఊతముతో నడచు గుమస్తా తనకు తెలిసిన ఒక్క పేరును ఆ దినముననే చెప్పినది. కంచెను కాపాడుటకు కంచెలోనివారే ముందుకు రావలసి యుండును; అదియు వేళకు రావలెను.